ఇంకో గ్రైండింగ్ మెషీన్ కొనే ముందు: ఉత్పత్తి లైనుకు సిమ్యులేషన్ ఎప్పుడు, ఎలా చేయాలి

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. అప్పుడు ఇదే ఇబ్బంది ఉన్న మిగతావారికి కూడా ఈ సమాధానం పనికొస్తుంది. గేర్ షాఫ్టులు తయారుచేసే మీ లైనులో ఫేసింగ్-సెంటరింగ్, సీఎన్‌సీ టర్నింగ్, హాబింగ్ (గేర్ పళ్లు కోయడం), ఇండక్షన్ హార్డెనింగ్ (విద్యుత్ కాయిల్‌తో వేడిచేసి గట్టిపరచడం), గ్రైండింగ్, తనిఖీ అనే ఆరు దశలున్నాయి. రెండు రకాల షాఫ్టులు ఒకే లైనులో మార్చి మార్చి నడుస్తాయి. గంటకు 30 షాఫ్టులు రావలసిన చోట 22 మాత్రమే వస్తున్నాయి. గ్రైండింగ్ ముందు ఎప్పుడు చూసినా సరుకు పేరుకుపోయి ఉంటోంది కాబట్టి ఇంకో గ్రైండింగ్ మెషీన్ కొనాలని యాజమాన్యం అనుకుంటోంది, కొనే ముందు సిమ్యులేషన్ (లైను నమూనాను కంప్యూటర్‌లో నడిపి చూడటం) చేసి చూపించమని మిమ్మల్ని అడిగింది. ఎక్సెల్ లెక్క చాలదా, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఏ డేటా కావాలి, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి మీ ప్రశ్నలు.

ఎక్సెల్ లెక్క తప్పకుండా చేయాలి, అదీ ముందే చేయాలి. ఆ లెక్క ఎక్కడ నిజానికి దూరమవుతుందో అక్కడే సిమ్యులేషన్ అవసరం మొదలవుతుంది. మీరు పంపిన అంకెలతోనే చూద్దాం.

గ్రైండింగ్ సైకిల్ టైమ్ (ఒక పీసుకు పట్టే సమయం) 100 సెకన్లు అన్నారు. అంటే ఆగకుండా నడిస్తే గంటకు 36 షాఫ్టులు. ప్రతి 20 షాఫ్టులకు ఒకసారి వీల్ డ్రెస్సింగ్‌కు (అరిగిన గ్రైండింగ్ చక్రాన్ని సరిచేయడానికి) 4 నిమిషాలు పోతాయి కాబట్టి ఒక్కో షాఫ్టుకు సగటున 112 సెకన్లు పడుతుంది, గంటకు 32 వస్తాయి. విరామాలు తీసేస్తే షిఫ్టుకు 450 నిమిషాలు మిగులుతాయి. అందులో రెండుసార్లు రకం మారుతుంది, మారిన ప్రతిసారీ సెటప్‌కు, అంటే మెషీన్‌ను కొత్త రకానికి సిద్ధం చేయడానికి, 45 నిమిషాలు పడుతుంది. 90 నిమిషాలు అలా పోతే గంటకు సగటు 25.7కు దిగుతుంది. ఇంతవరకు కాగితం మీద తేలిపోయింది. మెషీన్ పెద్దగా చెడిపోదని మీరే అన్నారు. అయినా వస్తున్నవి 22. గంటకు దాదాపు 4 షాఫ్టుల తేడా ఏ ఒక్క మెషీన్ లెక్కలోనూ కనిపించదు, ఎందుకంటే అది మెషీన్లలో పోవడం లేదు, ఒక దశకూ ఇంకో దశకూ మధ్య పోతోంది.

ఇప్పుడు అదే లెక్కను హార్డెనింగ్‌కు చేయండి. సైకిల్ టైమ్ 110 సెకన్లు, గంటకు 32.7. రకం మారినప్పుడు కాయిల్ మార్చడానికి 30 నిమిషాలు, షిఫ్టుకు రెండుసార్లు. గంటకు సగటు 28.4 అవుతుంది. అంటే మీరు రెండో గ్రైండింగ్ మెషీన్ కొని, ఒక్కో రకానికి ఒక్కోటి కేటాయించి, గ్రైండింగ్‌లో సెటప్ అనేదే లేకుండా చేసినా, హార్డెనింగ్ దగ్గర 28.4 దాటి సరుకు రాదు. గంటకు 30 అన్న లక్ష్యం ఆ ఒక్క కొనుగోలుతో తీరదు. ఈ ఒక్క మాట చెప్పడానికి మీకు ఏ సాఫ్ట్‌వేరూ అక్కరలేదు. ఇది ఈ రోజే మీ మేనేజరుకు చెప్పండి.

మరి సిమ్యులేషన్ ఎందుకు? గ్రైండింగ్ 25.7, హార్డెనింగ్ 28.4. రెండు దశల సామర్థ్యం ఇంత దగ్గరగా ఉన్నప్పుడు బాటిల్‌నెక్ (లైను మొత్తాన్ని నెమ్మదింపజేసే దశ) ఒకే చోట నిలబడదు. పొద్దున గ్రైండింగ్ దగ్గర ఉంటుంది, కాయిల్ మార్పిడి జరుగుతున్న గంటలో హార్డెనింగ్‌కు జరుగుతుంది, సెట్టర్ (సెటప్ చేసే పనివాడు) టర్నింగ్ మెషీన్ దగ్గర ఇరుక్కుపోయిన రోజున అక్కడికే వెళ్తుంది. సగటులు ఈ కదలికను దాచేస్తాయి. గ్రైండింగ్ ముందు రెండు వందల షాఫ్టులు పేరుకుని ఉన్నా, అప్పుడు మెషీన్‌పై ఉన్న సెటప్‌కు సరిపడే రకం అందులో లేకపోతే మెషీన్ ఖాళీగానే ఉంటుంది. చూసేవారికి గుట్ట కనిపిస్తుంది కాబట్టి ఆ మెషీనే తక్కువైందని అనిపిస్తుంది. మీ యాజమాన్యం అభిప్రాయం అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం.

హెచ్చుతగ్గులు ఎంత నష్టం చేస్తాయో చెప్పే సూత్రం ఒకటి ఉంది. 1961లో గణితవేత్త కింగ్‌మన్ ఇచ్చిన ఉజ్జాయింపు అది. ఒక మెషీన్‌కు సగటున ఒక్కో పీసుకు 2 నిమిషాలు పడుతుందనుకుందాం. సరుకు వచ్చే వ్యవధిలోనూ పని వ్యవధిలోనూ హెచ్చుతగ్గులు సగటుకు సమానమైన స్థాయిలో ఉంటే, ఆ మెషీన్ 80 శాతం సమయం పనిలో ఉన్నప్పుడు ఒక పీసు వరుసలో సగటున 8 నిమిషాలు ఆగుతుంది. 90 శాతానికి అది 18 నిమిషాలు, 95 శాతానికి 38 నిమిషాలు అవుతుంది. మెషీన్‌ను ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉంచకూడదని పట్టుబట్టే చోట నేల మీద సరుకు ఎందుకు పెరుగుతుందో ఈ అంకెలు చెబుతాయి. అదే 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సంబంధం ఇంకా సులువు: లైనులో ఉన్న సరుకును గంటకు వచ్చే ఉత్పత్తితో భాగిస్తే ఒక పీసు లైనులో గడిపే సగటు సమయం వస్తుంది. మీ లైనులో 330 షాఫ్టులు ఉంటున్నాయని రాశారు. గంటకు 22 చొప్పున అది 15 గంటలు, అంటే నిండా రెండు షిఫ్టులు. ఒక షాఫ్టుపై జరిగే అసలు పని అన్ని దశలూ కలిపినా నిమిషాల్లోనే ఉంటుంది. మిగతాదంతా ట్రాలీలో నిరీక్షణే.

సూత్రాలు ఒక మెషీన్‌కు, ఒక వరుసకు బాగా పనిచేస్తాయి. ఒకే సెట్టర్‌ను మూడు మెషీన్లు పంచుకోవడం, సరుకు 40 షాఫ్టుల ట్రాలీల్లోనే కదలడం, ఖాళీ ట్రాలీ దొరక్కపోతే ముందు మెషీన్ ఆగిపోవడం, రెండు రకాల షాఫ్టుల వరుస క్రమం, ఇవన్నీ కలిసినప్పుడు వాటికి అందదు. అందుకే సంఘటనల వారీగా నడిచే సిమ్యులేషన్ కావాలి. కంప్యూటర్‌లో ఒక గడియారం, జరగబోయే సంఘటనల జాబితా ఉంటాయి. ‘టర్నింగ్‌లో పీసు పూర్తయింది’, ‘డ్రెస్సింగ్ మొదలైంది’, ‘సెట్టర్ ఖాళీ అయ్యాడు’ వంటి ఒక్కో సంఘటన దగ్గరికి గడియారం దూకుతూ, ఆ క్షణానికి ఎవరు ఎవరి కోసం ఆగి ఉన్నారో లెక్క కడుతూ పోతుంది. మూడు నెలల ఉత్పత్తి మీ డెస్కు మీద నిమిషాల్లో నడిచిపోతుంది.

డేటా విషయానికి వస్తే, దీని మీదే ఎక్కువ సమయం పెట్టండి. అందరూ సైకిల్ టైమ్‌తో మొదలుపెడతారు. సీఎన్‌సీ మెషీన్ సైకిల్ టైమ్ దాదాపు స్థిరంగా ఉంటుంది, దాన్ని నాలుగైదు సార్లు కొలిస్తే చాలు. మీరు వెతకవలసింది ఆగుళ్లను. లాగ్‌బుక్‌లో పది నిమిషాల కన్నా చిన్న ఆగుడును సాధారణంగా ఎవరూ రాయరు. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్ములేషన్ ప్లాంట్లలో బ్లిస్టర్ ప్యాకింగ్ లైన్ల దగ్గర నేను చూసింది కూడా ఇదే: కార్టన్ మెషీన్‌లో కార్టన్ ఇరుక్కుంటే ఆపరేటరు మూత తీసి, లాగేసి, మళ్లీ బటన్ నొక్కుతాడు. నిమిషం కూడా పట్టదు. రిజిస్టర్‌లో ఆ షిఫ్టు ‘ఆగుడు లేదు’ అనే ఉంటుంది, కానీ షిఫ్టు మొత్తంలో అలాంటివి కలిపితే ఒక బ్రేక్‌డౌన్ కన్నా ఎక్కువ సమయం పోతుంది. కాబట్టి స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడండి, పగటి షిఫ్టులోనే కాదు, రాత్రి షిఫ్టులో కూడా. పీఎల్‌సీ (మెషీన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) నుంచి మెషీన్ స్థితి తీసుకునే వీలుంటే ఇంకా మంచిది.

ఆగుడును రాసేటప్పుడు కారణాన్ని విడదీయడం ముఖ్యం. మెషీన్ చెడిపోయి ఆగిందా, ముందు నుంచి సరుకు అందక ఆగిందా, తయారైన పీసును పెట్టే చోటు లేక ఆగిందా, సెట్టర్ కోసం ఆగిందా? మొదటిది, చివరిది మోడల్‌కు మీరు ఇవ్వవలసిన సమాచారం. చివరిదాంట్లో కూడా సెట్టర్ చేతి పని ఎంత, అతని కోసం ఎదురుచూపు ఎంత అన్నది వేరుచేయాలి. మీరు చెప్పిన 45 నిమిషాలు సెట్టర్ పని మొదలుపెట్టినప్పటి నుంచి లెక్క అయితే, అతను వచ్చేవరకు పోయిన సమయం ఎక్కడా నమోదు కావడం లేదన్నమాట. ఆ గంటకు 4 షాఫ్టుల్లో పెద్ద వాటా అక్కడే ఉండవచ్చు. రెండోది, మూడోది మాత్రం మోడల్ తనంతట తాను పుట్టించవలసినవి. వాటిని మీరే డేటాగా ఎక్కిస్తే ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. కొత్తగా మోడల్ కట్టేవారి దగ్గర ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే.

బ్రేక్‌డౌన్లకు సగటు ఒక్కటే ఇవ్వకండి. నెలలో ఒక్కసారి 4 గంటలు ఆగిన మెషీన్, 5 నిమిషాల చొప్పున 48 సార్లు ఆగిన మెషీన్, రెండూ పోగొట్టుకున్నది 240 నిమిషాలే. కానీ మధ్యలో 40 షాఫ్టుల ట్రాలీ ఒకటి నిండుగా ఉంటే తర్వాతి దశ గంటకు 30 చొప్పున 80 నిమిషాలు నడుస్తుంది. 5 నిమిషాల ఆగుడు దానికి తెలియను కూడా తెలియదు, 4 గంటల ఆగుడు లైను మొత్తాన్ని నిలిపేస్తుంది. కాబట్టి వ్యవధుల విస్తృతి మోడల్‌లో ఉండాలి. రెండు బ్రేక్‌డౌన్ల మధ్య సమయానికి ఎక్స్‌పొనెన్షియల్, మరమ్మతు సమయానికి లాగ్‌నార్మల్ విభాజనం (విలువలు ఎలా చెదిరి ఉంటాయో చెప్పే గణిత రూపం) చాలా సందర్భాల్లో సరిపోతాయి. సరిపడా నమోదులుంటే వాటినే నేరుగా వాడండి. నార్మల్ విభాజనానికి నెగెటివ్ విలువలు వచ్చే అవకాశం ఉంది కాబట్టి సమయాలకు దాన్ని గుడ్డిగా పెట్టవద్దు. అలాగే నడుస్తున్నప్పుడే చెడిపోయే మెషీన్‌కు, ఖాళీగా ఉన్న సమయాన్ని బ్రేక్‌డౌన్ గడియారంలో కలపకూడదు.

మోడల్ కట్టేటప్పుడు అన్నీ పెట్టాలన్న ఆశ పుడుతుంది. మీ ప్రశ్న ‘రెండో గ్రైండింగ్ మెషీన్ కొనాలా’ అన్నది. దానికి సంబంధం లేని వివరాన్ని వదిలేయండి. కూలెంట్ ట్యాంకు, స్టోరు నుంచి బార్ వచ్చే దారి అక్కరలేదు. సెట్టర్, ట్రాలీల సంఖ్య, రకాల క్రమం మాత్రం తప్పనిసరి. త్రిమితీయ యానిమేషన్‌కు రోజులు ఖర్చుపెట్టడాన్ని నేను ప్రోత్సహించను. అందంగా కదిలే బొమ్మ చూసి అంకెలను ప్రశ్నించడం మానేసిన సమావేశాలు చాలా ఉన్నాయి.

ఇక నమ్మకం గురించి. మొదట మోడల్ మీరు అనుకున్నట్టే పనిచేస్తోందా అని చూడాలి. హెచ్చుతగ్గులన్నీ తీసేసి, గ్రైండింగ్ తప్ప మిగతా దశలకు అపరిమిత సామర్థ్యం ఇచ్చి, సెట్టర్లు కావలసినంత మంది ఉన్నారని పెట్టి నడిపితే గంటకు 25.7 రావాలి. రాకపోతే తప్పు మోడల్‌లోనే ఉంది. తర్వాత అది మీ లైనులా ప్రవర్తిస్తోందా అని చూడాలి. ఇక్కడ సగటు ఉత్పత్తి 22 కుదిరితే సరిపోదు, రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుని కూడా 22 రావచ్చు. గంటగంటకు ఉత్పత్తిలో తేడా ఎంత ఉంది, గ్రైండింగ్ ముందు వరుస ఎంత పెరిగి ఎంత తగ్గుతోంది, లైనులో మొత్తం సరుకు 330 దగ్గర ఉంటోందా అన్నవి కూడా గత నెల నమోదులతో పోల్చండి. ఆ తర్వాత సెట్టర్‌ను, ఇద్దరు ఆపరేటర్లను కూర్చోబెట్టి చూపించండి. ‘ఆ రకం వచ్చినప్పుడు మేము అలా చేయం, ముందు ట్రాలీ ఖాళీ చేస్తాం’ వంటి మాట అక్కడ బయటపడుతుంది. ఏ రిజిస్టర్‌లోనూ అది ఉండదు.

ఫలితాలు తీసుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు కావాలి. మోడల్ ఖాళీ లైనుతో మొదలవుతుంది, మీ లైను ఎప్పుడూ ఖాళీగా ఉండదు. కాబట్టి మొదటి కొంత కాలపు అంకెలను వదిలేయాలి. ఎంత వదలాలో తెలుసుకోవడానికి అనేక పరుగుల సగటును కాలంతో గీసి, గీత ఎక్కడ సమతలానికి వస్తుందో చూస్తారు. దీన్ని వెల్చ్ పద్ధతి అంటారు. రెండోది, ఒక్క పరుగు ఫలితం మీద నిర్ణయం చేయవద్దు. యాదృచ్ఛిక సంఖ్యలు మారితే ఫలితం మారుతుంది. కనీసం పది పరుగులైనా వేర్వేరు సంఖ్యలతో నడిపి, 95 శాతం విశ్వాస వ్యవధితో ఫలితం చెప్పండి. ఉదాహరణకు ఒక ప్రత్యామ్నాయానికి 27.1, ఇంకోదానికి 27.6 వచ్చి, రెండింటికీ అటూ ఇటూ 0.8 ఉంటే, రెండోది మేలని ఆ అంకెలు చెప్పడం లేదు. అన్ని ప్రత్యామ్నాయాలకూ అవే యాదృచ్ఛిక సంఖ్యల వరుసలు వాడి, పరుగుకు పరుగు తేడాను పోలిస్తే చిన్న తేడాలు కూడా స్పష్టంగా తెలుస్తాయి.

మీ లైనుకు నేనైతే ఏ ప్రత్యామ్నాయాలు పరీక్షిస్తానో చెబుతాను. గ్రైండింగ్ సెటప్‌ను 45 నుంచి 15 నిమిషాలకు తగ్గించడం మొదటిది. కాగితం లెక్క ప్రకారమే గ్రైండింగ్ సామర్థ్యం 25.7 నుంచి 30కి చేరుతుంది. జపాన్ ఇంజినీరు షిగేవో షింగో ప్రచారంలోకి తెచ్చిన ఎస్ఎంఈడీ (సెటప్ సమయం తగ్గించే) పద్ధతిలో, మెషీన్ నడుస్తుండగానే చేయగలిగే పనులను విడదీసి ముందే చేసి పెట్టుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు. కాయిల్ మార్పిడిని 30 నుంచి 15 నిమిషాలకు తగ్గిస్తే హార్డెనింగ్ 30.5కు వస్తుంది. ఈ రెండింటికీ ఇంకో లాభం ఉంది, సెట్టర్ మీద భారం తగ్గుతుంది కాబట్టి అతని కోసం ఎదురుచూపు కూడా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది కాగితం మీద తేలదు, మోడలే చెప్పాలి. తర్వాత ట్రాలీని 40 నుంచి 20కి తగ్గించడం, రెండో సెట్టర్‌ను పెట్టడం, రకాల క్రమాన్ని టర్నింగ్ దగ్గరే క్రమబద్ధం చేయడం, చివరగా రెండో గ్రైండింగ్ మెషీన్. విడివిడిగా నడిపిన తర్వాత జంటలుగా కూడా నడపండి. విడిగా ఏమీ ఇవ్వని మార్పు ఇంకోదానితో కలిసినప్పుడు చాలా ఇవ్వవచ్చు. ట్రాలీ పరిమాణం విషయంలో ఇది తరచుగా జరుగుతుంది.

మీరు అడగకపోయినా కొత్త లైను వేసేవారికి ఒక మాట. అప్పుడు డేటా ఉండదు, మెషీన్ అమ్మినవారి సైకిల్ టైమ్ మాత్రమే ఉంటుంది. అయినా సిమ్యులేషన్‌కు అన్నిటికన్నా విలువైన సమయం అదే, లేఅవుట్ ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి. ఒక్కోటి 95 శాతం సమయం సిద్ధంగా ఉండే ఐదు మెషీన్లను మధ్యలో బఫర్ (సరుకు ఆపి ఉంచే చోటు) లేకుండా వరుసగా కలిపితే లైను దాదాపు 79 శాతమే పనిచేస్తుంది. మధ్యలో అపరిమితంగా చోటిస్తే 95కు చేరుతుంది. ఆ రెండింటి మధ్య మీరు ఎక్కడ ఉంటారన్నది బఫర్ ఎంత, ఎక్కడ అన్న దాన్ని బట్టి ఉంటుంది, ఆ చోటు షెడ్డు కట్టాక దొరకదు. తెలియని విలువలకు ఒక్క అంకె పెట్టకుండా కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా మార్చి, నిర్ణయం ఎక్కడ తలకిందులవుతుందో చూడండి.

సాఫ్ట్‌వేర్ గురించి పెద్దగా చింతించవలసిన పని లేదు. అరీనా, ప్లాంట్ సిమ్యులేషన్, ఎనీలాజిక్, ఫ్లెక్స్‌సిమ్, సిమియో, విట్‌నెస్, వీటిలో ఏదైనా మీ లైనుకు సరిపోతుంది. లైసెన్సు ఖర్చు భారమైతే జామ్‌సిమ్ ఉచితం, పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చినవారు మీ దగ్గర ఉంటే అందులో వాడే సిమ్‌పై కూడా ఉచితమే. ఎనీలాజిక్ వ్యక్తిగత అభ్యాస సంచిక ఉచితమైనా నేర్చుకోవడానికే, కంపెనీ పనికి కాదు. ఆరు దశల లైనుకు సిమ్‌పైలో మోడల్ కొన్ని వందల కోడు వరుసలు దాటదు. అయితే యాజమాన్యానికి, ఆపరేటర్లకు తెరపై చూపించవలసి వస్తుంది కాబట్టి బొమ్మగా కనిపించే సాధనానికి కొంత మొగ్గు చూపుతాను.

యాజమాన్యానికి ఇచ్చే నివేదికలో ‘కొనండి’, ‘వద్దు’ అని మాత్రమే రాయకండి. మీరు ఏమేమి అనుకుని మోడల్ కట్టారో మొదటి పేజీలోనే పెట్టండి. సెటప్ 15 నిమిషాలకు దిగకుండా 25 దగ్గరే ఆగితే ఏమవుతుందో కూడా చూపండి: గ్రైండింగ్ సామర్థ్యం 28.6 దాటదు, లక్ష్యానికి అందదు. కస్టమరు అవసరం గంటకు 35కు పెరిగితే 110 సెకన్ల హార్డెనింగ్ సైకిల్‌తో కాయిల్ మార్పిడి లేకుండానే 32.7 దగ్గర ఆగిపోతారు కాబట్టి, అప్పుడు కొనవలసింది గ్రైండింగ్ మెషీన్ ఒక్కటే కాదని, హార్డెనింగ్‌కు కూడా డబ్బు పెట్టాలని స్పష్టంగా రాయండి. సెటప్ తగ్గించే పనిని మాత్రం మోడల్ పూర్తయ్యేదాకా ఆపకుండా వచ్చే వారమే మొదలుపెట్టండి. అక్కడ కొలిచిన కొత్త సమయాలు మీ మోడల్‌కు కూడా కావాలి.